హార్మోనులు – గ్రాహకములు: ఉద్దానము నేర్పు పాఠము

జలంత్రకోట, కవిటి, పలాస ప్రాంతపు కొబ్బరి, జీడితోటల నడుమ పుట్టిన మాకు మూత్రపిండముల వ్యాధి పుస్తకములో చదివిన సంగతి కాదు. రోగి పాలిపోవును, నాలుగడుగులు వేయగనే ఆయాసపడును. "చెడినది మూత్రపిండము గదా, రక్తమేల తగ్గవలెను?" అని ఒక విద్యార్థి మమ్ము అడిగెను. సమాధానము హార్మోనుల అధ్యాయమున గలదు.

ఆమ్లజని కొరవడినప్పుడు మూత్రపిండములలోని కొన్ని కణములు ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును అధికముగా తయారుచేయును. 165 అమైనో ఆమ్లములు గల ఈ ప్రోటీను రక్తముతో శరీరమంతయు తిరుగును. కాని దానిని గుర్తించు గ్రాహకములు ముఖ్యముగా ఎముకల మూలుగలో, ఎర్రకణములుగా ఎదగవలసిన లేత కణములపై నుండును. తాళము, తాళపుచెవి అను పోలికను మనమందరము వల్లించినవారమే. ఇచ్చట అది చాలదు. ఈ హార్మోను కణత్వచముపై నున్న రెండు గ్రాహకములను ఒకేసారి పట్టి, తగిన స్థితిలో నిలుపును. అంతట లోపలివైపున వానినంటియున్న జాక్-2 ఎంజైములు చైతన్యము పొందును. వాని వలన స్టాట్-5 అను ప్రోటీను ఫాస్ఫేటును గ్రహించి, కేంద్రకమును చేరి, జన్యువులను మేల్కొల్పును. ఈ సందేశమందని లేత కణము ఎదగకయే మరణించును. స్టెరాయిడ్ హార్మోనుల తీరు వేరు; అవి త్వచమును దాటి లోపలి గ్రాహకములనే కలియును.

టైపు-2 మధుమేహపు తొలిదశలో ఇన్సులిన్ ఉన్నను కణములు సరిగా స్పందింపవు. మన రోగి స్థితి దీనికి విరుద్ధము: గ్రాహకము ఎదురుచూచుచున్నది, హార్మోనే చాలినంత రాదు. కనుకనే వెలుపలి నుండి ఇచ్చినది పనిచేయును. 1977లో గోల్డ్‌వాసర్ బృందము రక్తహీనత రోగుల మూత్రము నుండి దీనిని శుద్ధిచేసెను. 1985లో దీని జన్యువును వేరుచేసిన ఫలితములు వెలువడినవి. 1989లో అమెరికాలో మందుగా అనుమతి లభించెను.

అయితే శరీరమున ఇనుము కొరవడినచో ఇంజెక్షను చాలవరకు వృథా. హీమోగ్లోబిన్‌ను మితిమీరి పెంచినచో పక్షవాతపు ముప్పు హెచ్చును. కావున మోతాదు వైద్యుడే నిర్ణయింపవలెను. పైగా ఇది రక్తహీనతకు మందేగాని మూత్రపిండమునకు కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. నీరా, పురుగుమందులా, ఎండలో శ్రమయా అని పరిశోధకులు వెదకుచున్న మూలకారణము మాత్రము ఇంకను తేలలేదు.