పటం తప్పు చూపితే ఎక్కడ వెతకాలి?

కంప్యూటరులో పటాలు తయారుచేసే పని ఇప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థులకే కాక, డిగ్రీలో భూగోళశాస్త్రం చదివేవారికీ ప్రాజెక్టుగా వస్తున్నది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు ఉచితం కనుక ఖర్చు లేదు. కాని తొలిసారి చేసేవారికి కొన్ని చిక్కులు ఎదురవుతాయి. వాటిని మన ప్రాంతపు ఉదాహరణతోనే తెలుసుకుందాం.

పావగడ తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య మనకు తెలిసినదే. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతి ఉంది. వెంకటమ్మనహళ్లి, చుట్టుపక్కల ఊళ్ల బోర్ల పరీక్ష ఫలితాలను పట్టికగా రాసి, పటం మీద చూపాలనుకోండి.

1. చుక్కలు మరో దేశంలో పడటం: పావగడ అక్షాంశం సుమారు 14.10, రేఖాంశం 77.28. సాఫ్ట్‌వేరులో ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. తారుమారు చేస్తే మన బోరు ఆర్కిటిక్ సముద్రంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది.

2. చుక్కలు పక్క ఊరికి జరగటం: 14 డిగ్రీల 6 నిమిషాలను 14.06 అని రాయకూడదు. నిమిషాలను 60తో భాగించి 14.10 అని రాయాలి. ఈ తేడా నేల మీద 4 కిలోమీటర్లకు పైనే. మొదటి తప్పు వెంటనే కంటికి కనబడుతుంది, ఇది కనబడదు.

3. పొరలు ఒకదానిపై ఒకటి సరిపోకపోవటం: యూటీఎం పద్ధతిలో 43వ జోను 78 డిగ్రీల రేఖాంశంతో ముగుస్తుంది. పావగడ, హిందూపురం అందులో ఉన్నాయి; కదిరి 44వ జోనులో ఉంది. 44లో ఉన్న పొరకు 43 అని పేరు మార్చితే చాలదు. రీప్రొజెక్ట్ చేసి కొత్త ఫైలుగా దాచుకోవాలి.

4. పట్టిక, పటం కలవకపోవటం: పేర్లతో కలిపితే అక్షరం తేడా వచ్చినా కలవవు. ఇంగ్లీషులో తుమ్కూర్ అని రాసే పేరు 2014లో తుమకూరు అయింది. మడకశిర, పెనుకొండ 2022లో అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి జనగణన గ్రామ కోడుతో కలపండి. రెండు చోట్లా కోడు గడి టెక్స్ట్ రకంగానే ఉండాలి. లేకుంటే ముందున్న సున్నాలు పోతాయి.

5. సర్వే నంబరు తేదీగా మారటం: ఎక్సెల్‌లో 12/3 అని కొడితే అది తేదీ అనుకుంటుంది. టైపు చేయకముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి.

6. ఖాళీ గడి సున్నా కావటం: అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. పరీక్ష చేయని బోరుకు 0 పడితే, పటంలో అది అతి మంచి నీరుగా కనిపిస్తుంది. దానిని నమ్మి తాగేది పసిపిల్లలు. పరీక్ష చేయనివాటికి వేరే రంగు ఇవ్వండి.

ఏ పటమైనా అప్పగించే ముందు మీకు బాగా తెలిసిన మూడు బోర్లను అందులో వెతికి చూడండి. తల్లిదండ్రులారా! మీకు కంప్యూటరు రాకపోయినా ఈ పని మీదే. ఏ బోరు ఏ చేను గట్టున ఉందో మీకు తెలుసు. పిల్లలు తెచ్చిన పటాన్ని ఒకసారి చూసి చెప్పండి.