గినీ పంది చెప్పలేని రహస్యం

పిల్లలూ! చలికాలం తెల్లవారుజామున ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తూ, మంచంమీద ముందుకు వంగి కూర్చుని ఆయాసపడేవారిని మీరు చూసే ఉంటారు. మీ తరగతిలోనే అటువంటి స్నేహితుడు ఒకరుండవచ్చు. ఆ జబ్బు పేరు ఉబ్బసం. దానినే ఆస్త్మా అని కూడా అంటారు.

అటువంటి పిల్లలకు డాక్టర్లు తరచు రెండు రకాల మందులిస్తారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది. రెండవది ఆయాసం ఉన్నా లేకపోయినా ప్రతిరోజూ పీల్చవలసినది. ఈ రెండవ మందు దగ్గరే పేచీ వస్తుంది. “ఇవాళ నాకు బాగానే ఉంది కదా, మందెందుకు?” అంటాడు కుర్రవాడు. “రోజూ పీలిస్తే అలవాటైపోతుందేమో!” అంటుంది నాయనమ్మ. మందు అలమారలోకి పోతుంది.

బాగున్న రోజున మందెందుకు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడం వెనుక ఒక వింత కథ ఉంది. ముందు మన ఊపిరితిత్తులలోకి ఒకసారి తొంగి చూద్దాం.

గొట్టం ఇరుకైతే

ముక్కుతో పీల్చిన గాలి వాయునాళం గుండా కిందికి పోతుంది. వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. అవి చెట్టు కొమ్మల్లాగా మళ్ళీ మళ్ళీ చీలి, సన్నని శ్వాసనాళికలవుతాయి. ఈ గొట్టాల గోడలలో కండరాలుంటాయి. లోపలివైపు పలుచని పొర, దానిమీద కొద్దిగా జిగురు ఉంటాయి.

ఉబ్బసంలో మూడు పనులు జరుగుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. లోపలి పొర వాస్తుంది. జిగురు ఎక్కువగా ఊరుతుంది. మూడింటివల్లా గొట్టం ఇరుకైపోతుంది. ఇరుకు సందులోనుండి గాలి దూసుకుపోయేటప్పుడు వచ్చే శబ్దమే పిల్లికూత.

గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలికి కలిగే అడ్డంకి ఎంత పెరుగుతుంది? రెండు రెట్లు అనుకుంటున్నారా? కాదు. గాలి సాఫీగా ప్రవహించే సన్నని గొట్టంలో అది 2×2×2×2, అనగా 16 రెట్లు పెరుగుతుంది! కొంచెం వాపుకే అంత ఆయాసం ఎందుకు వస్తుందో తెలిసింది కదా!

నిప్పు ఆర్పే మందులు

20వ శతాబ్దం మొదటి సగంలో డాక్టర్లకు తెలిసినవి ముఖ్యంగా బిగిసిన కండరాలను సడలించే మందులు. ఎడ్రినలిన్, ఎఫిడ్రిన్, తరువాత ఐసోప్రినలిన్ అటువంటివే. 1956లో, నొక్కగానే కొలత ప్రకారం మందు చిమ్మే చిన్న డబ్బా బజారులోకి వచ్చింది. అదే మనమిప్పుడు ఇన్‌హేలర్ అంటున్నది. రోగులకు ప్రాణం లేచివచ్చినట్లయింది.

కాని 1960 తరువాత ఇంగ్లండులోను, మరికొన్ని దేశాలలోను ఉబ్బసంతో చనిపోయే పిల్లల సంఖ్య, యువకుల సంఖ్య తగ్గడానికి బదులు పెరిగింది. ఇదేమి విపరీతం? బాగా గాఢమైన ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్లమీద అతిగా ఆధారపడటమే ఇందుకొక ముఖ్యకారణమని చాలామంది పరిశోధకులు భావించారు. మందు పీల్చగానే కండరాలు సడలుతాయి, హాయిగా ఉంటుంది. కాని వాపు లోపల అలాగే ఉండిపోతుంది. జబ్బు ముదురుతున్నా రోగికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

నిప్పంటుకున్న ప్రతిసారీ నీళ్ళు చల్లుతూ కూర్చుంటే చాలదు. అసలు అంటుకోకుండా చూడాలి. అటువంటి మందు దొరుకుతుందా?

కథల పుస్తకంలోని కుర్రవాడు

ఈ వెతుకులాటకు పూనుకున్నవాడు రోజర్ ఆల్టూన్యన్. ఆయన 1922లో సిరియాలో పుట్టాడు. తండ్రి ఆర్మేనియన్ సంతతికి చెందిన వైద్యుడు, అలెప్పో నగరంలో ఆసుపత్రి నడిపేవాడు. తల్లి ఇంగ్లీషు ఆవిడ. ఆ కుటుంబం సెలవులకు ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆర్థర్ రాన్సమ్ అనే రచయితకు ఈ పిల్లలు ఎంతో నచ్చారు. 1930లో ఆయన రాసిన ‘స్వాలోస్ అండ్ అమెజాన్స్’ అనే పిల్లల నవలలో రోజర్ పేరుతోనే ఒక బుడతడు కనిపిస్తాడు.

నిజమైన రోజర్ పెరిగి పెద్దవాడై, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు నడిపాడు, ఇతరులకు నడపడం నేర్పాడు. తరువాత వైద్యుడయ్యాడు. ఆయనకు ఉబ్బసం ఉండేది. 1956లో ఇంగ్లండులో బెంజర్స్ అనే మందుల సంస్థ పరిశోధనశాలలో చేరాడు.

అక్కడ పరిశోధన ఒక మొక్కతో మొదలైంది. ఈజిప్టు ప్రాంతాలలో ‘ఖెల్లా’ అనే మొక్క ఉంది. మన వాము, జీలకర్ర, కొత్తిమీరల కుటుంబమే దానిదీను. దాని గింజలను అక్కడివారు మూత్రనాళంలో రాయి వలన కలిగే నొప్పికి వాడేవారు. ఆ గింజలలోని ఖెలిన్ అనే పదార్థం బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. కాని తింటే వికారం కలుగుతుంది. అందుచేత రసాయన శాస్త్రజ్ఞులు ఖెలిన్ అణువులో ఉండే ‘క్రోమోన్’ అనే భాగాన్ని తీసుకుని, దానికి మార్పులు చేర్పులు చేస్తూ కొత్త కొత్త పదార్థాలు తయారుచేయసాగారు.

గినీ పంది రెండు వేషాలు

కొత్త పదార్థం పనిచేస్తుందో లేదో తెలిసేది ఎట్లా? ఆ రోజులలో ఇందుకు గినీ పందులను వాడేవారు. వాటికి ఏదైనా ఒక పదార్థం పడకుండా చేసి, ఆనక దానినే పీల్పిస్తే వాటికి ఆయాసం వస్తుంది. మందిచ్చిన తరువాత ఆయాసం రాకపోతే మందు మంచిదన్నమాట.

ఈ కొత్త పదార్థాలు గినీ పందుల పరీక్షలో నెగ్గలేదు. మామూలుగా అయితే వాటిని పక్కన పడవేయాలి. కాని ఆల్టూన్యన్‌కు ఒక సందేహం వచ్చింది. గినీ పందిలో మనం పుట్టించిన ఆయాసం, మనిషికి వచ్చే ఉబ్బసం ఒకటేనా? మనిషి జబ్బును మనిషిలోనే చూడాలి కదా!

ఏ మనిషిలో? తనలోనే!

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఆయన ఒంటికి పడని వాటిలో గినీ పంది బొచ్చు ఒకటి! ఆ బొచ్చు నానబెట్టిన ద్రవాన్ని తుంపరలుగా చేసి ఆయన పీల్చేవాడు. ఆయాసం వచ్చేది. ఊపిరి బలాన్ని కొలిచే పరికరంలోకి ఊది, ఎంత తగ్గిందో రాసుకునేవాడు. మరొకరోజు ముందుగా కొత్త పదార్థాన్ని పీల్చి, ఆ తరువాత బొచ్చు తుంపరలు పీల్చేవాడు. మళ్ళీ ఊది, రెండు రోజుల అంకెలనూ పోల్చేవాడు. పరీక్షకు పనికిరాని గినీ పంది, ఈ విధంగా మరొక వేషంలో పనికివచ్చింది.

ఇట్లా సంవత్సరాల తరబడి, వందలసార్లు ఆయన తనకు తానే ఆయాసం తెప్పించుకున్నాడు. చివరకు 1965లో ఒక పదార్థం గట్టిగా నిలిచింది. దానిని ముందుగా పీలిస్తే బొచ్చు తుంపరలు ఆయనను అంతగా బాధించలేకపోయాయి. దాని పేరు సోడియం క్రోమోగ్లైకేట్.

విమానం పంకా

ఇప్పుడొక చిక్కు వచ్చింది. ఈ మందును మింగితే పేగులు దాదాపు ఏమీ పీల్చుకోవు. అది నేరుగా శ్వాసనాళాలకే చేరాలి. మందు మెత్తని పొడి. చిన్న శ్వాసనాళికల దాకా పోవాలంటే రేణువులు సుమారు 5 మైక్రాన్లకంటె చిన్నవిగా ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. అంత మెత్తని పొడి ముద్దకట్టకుండా ఎగిరేదెట్లా?

పాత విమాన చోదకుడికి విమానం పంకా గుర్తుకు వచ్చింది! ఆయన రూపొందించిన చిన్న గొట్టంలో ఒక బుల్లి పంకా ఉంటుంది. మందు పొడి ఉన్న గుళికకు రంధ్రాలు చేసి దానికి తగిలిస్తారు. రోగి గట్టిగా గాలి పీల్చగానే పంకా గిర్రున తిరిగి, పొడి చెదిరి, గాలితోబాటు లోపలికి పోతుంది. దీని పేరు స్పిన్‌హేలర్.

ఒక్కరి మాట చాలదు

ఒక మనిషిలో పనిచేసినంత మాత్రాన మందు మంచిదని తీర్పు చెప్పవచ్చునా? చెప్పకూడదు. ఉబ్బసం దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గే సమయానికి ఏది పుచ్చుకున్నా, దానివల్లనే తగ్గిందనిపిస్తుంది. అందుకని ఈ మందును రోగులమీద ‘రెండు వైపులా గుడ్డి’ పద్ధతిలో పరీక్షించి, 1967లో ఫలితాలు ప్రకటించారు. ఈ పద్ధతిలో అసలు మందేదో, ఉత్త పొడి ఏదో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. లెక్కలన్నీ అయ్యాక గుట్టు విప్పుతారు. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో వేలాదిమంది మింగే చేప మందయినా, డాక్టరు రాసిచ్చే మందయినా, నిజం తేల్చుకోవడానికి ఇదే మార్గం.

ఒక్కమాట. ఆల్టూన్యన్ చేసినట్లు ఎవరూ చేయకూడదు. ఆ ప్రయోగాలు ప్రాణానికే ముప్పు తేగలవు. ఈనాడు కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు క్షేమమేనా అని జంతువులమీద చూస్తారు. నైతిక సంఘం అనుమతి, పాల్గొనేవారి అంగీకారం తప్పనిసరి.

తలుపు తెరవకముందే

మన శ్వాసనాళాల గోడలలో మాస్ట్ కణాలనేవి ఉంటాయి. అవి హిస్టమిన్ మొదలైన రసాయనాలు నింపిన సంచులవంటివి. ఒంటికి పడని పుప్పొడో, ధూళో తగలగానే అవి తెరుచుకుంటాయి. రసాయనాలు బయటపడి కండరాలను బిగించి, వాపు తెస్తాయి. సోడియం క్రోమోగ్లైకేట్ ఈ కణాలు తెరుచుకోకుండా అడ్డుపడుతుంది. ఒకసారి తెరుచుకుని ఆయాసం వచ్చాక, ఈ మందు పీల్చి లాభం లేదు. అంటే ఇది బాగున్నప్పుడే వాడవలసిన మందు!

1968లో ఇది ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది. 1972లో అంతకంటె బలంగా వాపును అణచే బెక్లోమెథసోన్ అనే పీల్చే స్టెరాయిడ్ వచ్చింది. కాలక్రమంలో అటువంటి మందులే ఉబ్బసం నివారణలో ముందు నిలిచాయి. క్రోమోగ్లైకేట్ వాడకం ఉబ్బసంలో తగ్గినా, ఎలర్జీ వలన వచ్చే కంటి దురదకు చుక్కలుగా ఇప్పటికీ వాడుతున్నారు. ఆల్టూన్యన్ 1987లో మరణించాడు.

ఆయన దారి మాత్రం నిలిచింది. 12 సంవత్సరాలు దాటిన ఉబ్బస రోగులకు ఆయాసం తగ్గించే మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోరాదని, వాపును అణచే పీల్చే మందు కూడా ఉండాలని 2019లో అంతర్జాతీయ నిపుణులు స్పష్టంగా చెప్పారు.

కాబట్టి మీ స్నేహితుడు “బాగానే ఉంది, మందెందుకు?” అంటే, “మందు వాడుతున్నావు కనుకనే బాగుందేమో! డాక్టరును అడగకుండా మానకు” అని చెప్పండి. నాయనమ్మకు కూడా చెప్పండి: ఈ మందు మత్తుమందులాగా అలవాటయ్యేది కాదు. పీల్చే మందు మోతాదు చాలా తక్కువ, అదీ అవసరమైన చోటికే పోతుంది.

చేసి చూడండి

కూల్‌డ్రింక్ తాగే గొట్టం ఒకటి తీసుకోండి. గ్లాసు నీళ్ళలో ముంచి ఊదండి. బుడగలు బుడబుడ వస్తాయి. ఇప్పుడు గొట్టం మధ్యలో వేళ్ళతో కొద్దిగా నొక్కి ఊదండి. ఎంత కష్టమైంది? (ఉబ్బసం ఉన్నవారు ఊదవద్దు, పక్కనుండి చూడండి.)

ఆలోచించండి

1. గొట్టం వ్యాసం మూడవ వంతుకు తగ్గితే అడ్డంకి ఎన్ని రెట్లు పెరుగుతుంది?

2. మందు లేకుండా ఒకరోజు, మందుతో ఒకరోజు ఊది ఆల్టూన్యన్ అంకెలను ఎందుకు పోల్చాడు?