రాజీనామా కాగితం అడిగితే...

ప్రశ్న: ఒక బట్టల షోరూమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. చీరల సెక్షన్ నేనే చూసుకుంటాను, జీతం 24,000. మొత్తం అరవై మందిమి ఉంటాం. ఏటా మార్చిలో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుంటారు. నాకిప్పుడు ఐదో నెల, తొలి కాన్పు. "రాజీనామా రాసిచ్చి హాయిగా పుట్టింటికి వెళ్లమ్మా, బిడ్డ పుట్టాక మళ్లీ తీసుకుంటాం" అంటున్నారు మేనేజరు గారు. రాసివ్వమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆయన ఎంత మంచిగా అడిగినా ఆ కాగితం ఇవ్వకండి.

గర్భంతో ఉన్న ఉద్యోగిని యజమాని తనంతట తాను పనిలోంచి తీసేసినా ఆమెకు రావలసిన ప్రసూతి డబ్బు పోదని చట్టంలో రాసి ఉంది. తీవ్రమైన తప్పు చేసి ఉద్యోగం పోతే తప్ప ఈ రక్షణ ఉంటుంది. సెలవులో ఉండగా తీసేయడమైతే అసలు చెల్లదు. అయితే ఇదంతా తీసేసినప్పటి మాట. మీ అంతట మీరే మానేసినట్టు రాసిస్తే యజమాని తీసేశాడనడానికి ఆధారం ఉండదు. రేపు బలవంతంగా రాయించుకున్నారని మీరే రుజువు చేసుకోవాలి, చంటిబిడ్డను ఎత్తుకుని. మేనేజర్లకు ఈ తేడా బాగా తెలుసు, అందుకే "తీసేస్తున్నాం" అనరు, "రాసివ్వండి" అంటారు.

మీకు రావలసింది ఎంతో చూడండి. తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవు, జీతంతో సహా. అందులో ప్రసవానికి ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, మీరు మూడేళ్లు చేశారు. 26 వారాలంటే 182 రోజులు. ఆదివారాలు తీసేసి లెక్కకట్టడానికి లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. మీ జీతం మీద ఇది లక్షా నలభై వేలు దాటుతుంది. షాపువాళ్లు ఉచితంగా ప్రసవ వైద్యం చేయించకపోతే మరో 3,500 రూపాయలు మెడికల్ బోనస్ కూడా ఇవ్వాలి.

"కాంట్రాక్టు వాళ్లకు ఇవి రావు" అంటారు. అది కోర్టుల్లో ఎప్పుడో ఓడిపోయిన వాదన. మస్టర్ రోల్ మీద మట్టిపని చేసే ఢిల్లీ మునిసిపల్ కూలీలకూ ఈ హక్కు ఉందని 2000లో తీర్పు వచ్చింది. 2023 తీర్పు మీకు ఇంకా దగ్గర. ఒక డాక్టరమ్మ సెలవు అడిగితే, మీ కాంట్రాక్టులో మిగిలింది 11 రోజులే కనుక అంతవరకే ఇస్తామన్నారు. కాంట్రాక్టు గడువు దాటినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. మార్చిలో మీ కాంట్రాక్టు ముగుస్తుందన్న బెంగ పెట్టుకోకండి.

ఇక నిలబడటం. మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు గానీ, చీరల సెక్షన్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎన్ని గంటలు నిలబడతారో చీరలు కొన్నవాళ్లందరికీ తెలుసు. ప్రసవానికి సుమారు పది వారాల ముందు నుంచి, అంటే సెలవుకు వెళ్లే ముందు రోజుల్లో, మీరు అడిగితే ఎక్కువసేపు నిలబడి చేసే పని మీకు చెప్పకూడదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి జీతం తగ్గించడం కూడా కుదరదు. కాకపోతే చట్టంలో "అడిగితే" అనే మాట ఉంది, నోరు విప్పాలి. (కేరళలో షాపుల్లో పనిచేసే అందరికీ కూర్చునే హక్కును 2018లో చట్టంలో పెట్టారు.)

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ఏ తేదీ నుంచి సెలవు కావాలో, మీకు రావలసిన డబ్బు ఎవరికి ఇవ్వాలో, ఆ సెలవులో మరెక్కడా పనిచేయనని రాసి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఇవ్వండి. నకలు మీద ముద్ర, సంతకం వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. "సార్‌కు చెప్పాను కదా" అన్నది ఏ అధికారి దగ్గరా పనికిరాదు. నోటీసు, గర్భ నిర్ధారణ సర్టిఫికెట్ ఇచ్చాక ప్రసవానికి ముందు కాలపు డబ్బు ముందుగానే ఇవ్వాలి. మిగతాది ప్రసవం అయినట్టు రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి.

మీ తోటి అమ్మాయిల సంగతి కొంచెం వేరు. జీతం 21,000 లోపు ఉంటే వాళ్లు ఈఎస్ఐ కిందికి వస్తారు, 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. 14,500 జీతంలో నెలకు 109 రూపాయలు కోసుకునేది అందుకే. కోత పడుతోందా, ఆ డబ్బు నిజంగా కడుతున్నారా అన్నది ఇప్పుడే చూసుకోమనండి. కాన్పుకు ముందరి రెండు చందా కాలాల్లో, అంటే ఏడాదిలో, 70 రోజులకు చందా కట్టి ఉండాలి.

తిరిగొచ్చాక: 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న చోట బిడ్డల్ని ఉంచే క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. మీ షోరూమ్‌లో ఉందా? ఉండదు. అడగండి. మీ ఆయనకు మాత్రం ప్రైవేటు ఉద్యోగమైతే చట్టం ఒక్క రోజు సెలవూ ఇవ్వదు. ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులున్నాయి. బిడ్డను పెంచడం తల్లి పనేనని చట్టం కూడా అనుకుంటోంది మరి.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. "పాత చట్టం పోయిందమ్మా" అని ఎవరన్నా అంటే నమ్మకండి, పేరు మారింది గానీ 26 వారాలు అలాగే ఉన్నాయి.

నోటీసు ఇచ్చాక కూడా మొండికేస్తే మీ ప్రాంతపు కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. లాయరు ఫీజుకు జంకకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.