బ్యాటరీ కొనే ముందు డైనమో చూడండి

యానాం, తాళ్లరేవు, కోరంగి వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలి బెడద ఎక్కువ. బాడీకి తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. బానెట్ కింద టెర్మినళ్లకీ ఎర్త్ వైర్లకీ పడితే ఎవరూ చూడరు. ఓ పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది. వెంటనే చాలామంది బ్యాటరీ షాపుకి వెళ్లి నాలుగైదు వేలు పోసి కొత్తది బిగించుకొస్తారు. లోపం డైనమోలో ఉంటే ఆ కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజుల్లో పడుకుంటుంది.

మన మెకానిక్కులు డైనమో అనేది ఆల్టర్నేటర్‌నే. ఇంజనుతో పాటు బెల్టు మీద తిరుగుతూ బ్యాటరీని నింపేదీ, లైట్లకీ ఏసీ ఫ్యానుకీ కరెంటు ఇచ్చేదీ ఇదే. ఇది చెడినప్పుడు మొత్తం మార్చాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. ఏ ముక్క పోయిందో ముందు కనిపెడితే వేలల్లో అయ్యే ఖర్చు వందల్లో తేలిపోవచ్చు.

1. ముందు ఓ డిజిటల్ మల్టీమీటర్ కొనండి. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందలకే దొరుకుతుంది. నాబ్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనిస్తే చాలు.

2. మూడు రీడింగులు తీసి కాగితం మీద రాసుకోండి.

మొదటిది, రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయకముందు. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉంది, 12.2 ఉంటే సగానికి వచ్చింది, 12కి దిగితే దాదాపు ఖాళీ. రెండోది, ఇంజను స్టార్ట్ చేశాక. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మూడోది, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, వెనక అద్దం హీటరు అన్నీ వేసి, ఎవరినైనా యాక్సిలరేటర్ కొంచెం నొక్కమని చూడాలి. అప్పుడు కూడా 13.5కి తగ్గకూడదు.

ఇంజను తిరుగుతున్నా మీటరు 12.3, 12.2, 12.1 అంటూ దిగిపోతుంటే చార్జింగ్ లేనట్టే. 15 దాటితే కటౌట్, అంటే వోల్టేజి రెగ్యులేటర్ పోయింది. అలాంటి బండి నడపొద్దు. బ్యాటరీలో యాసిడ్ ఉడుకుతుంది, బల్బులు వరసగా మాడతాయి. ఈమధ్య వచ్చిన కొన్ని కార్లలో మాత్రం పెట్రోలు ఆదా కోసం కంప్యూటరే చార్జింగ్‌ని కావాలని తగ్గిస్తుంది. వాటిలో లైట్లు వేయకుండా తీసిన రీడింగు చూసి కంగారు పడొద్దు.

3. డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు, తాళం తిప్పగానే వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే సంగతి తెలిసిందే. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోయినా అనుమానించండి. చాలా పాత మోడళ్లలో డైనమోని మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది.

4. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, 'ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది' అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ బండి మీద ఆ పరీక్ష ఎవరినీ చేయనివ్వొద్దు. బ్యాటరీ ఊడిన క్షణంలో వోల్టేజి ఒక్కసారి ఎగిసి ఇంజను కంప్యూటర్ ఈసీయూని, డైనమోలో డయోడ్లనీ కాల్చేయగలదు. వందల్లో పోయే రిపేరు పాతికవేలకి చేరుతుంది.

5. బెల్టు చూడండి. వాన పడ్డ పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరిస్తే బెల్టు జారుతోందని అర్థం. ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లోపలికి వెళ్లాలి. గాట్లలో పగుళ్లుంటే మార్చేయండి. బెల్టుకి గ్రీజు, సబ్బు రాయడం అసలు వద్దు.

6. ఉప్పుగాలి పని చేసేది ఇక్కడే. మన వైపు డైనమో మీద చెయ్యి వేసే ముందు తప్పనిసరిగా చూడాల్సినవి టెర్మినళ్లు, ఎర్త్ వైర్లు.

బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి ఒక వైరు, ఇంజను నుంచి బాడీకి ఇంకొకటి ఉంటాయి. పైకి బాగానే కనిపిస్తాయి. బోల్టు విప్పి వైరు చివరి లగ్గు తిప్పి చూస్తే అడుగున తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. ఇన్సులేషన్‌ని కొంచెం వెనక్కి లాగితే రాగి తీగలు మెరుపు పోయి నల్లబడి, నలిపితే తునిగిపోతుంటాయి. అలాంటి వైరు గుండా నలభై, యాభై ఆంపియర్లు ఎలా వెళ్తాయి?

దీనికీ మీటరుతోనే లెక్క ఉంది. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతుండగా ఎర్ర వైరుని డైనమో వెనక లావు వైరు బోల్టుకి, నల్ల వైరుని బ్యాటరీ ప్లస్‌కి ఆనించండి. 0.2, మహా అయితే 0.3 వోల్టులు మించకూడదు. తర్వాత డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే డైనమో మంచిదే, దారిలో కరెంటు తినేస్తున్నది తుప్పు. బెల్టు తిరుగుతూ ఉంటుంది కాబట్టి చున్నీ, మెడలో గొలుసు, వదులు చొక్కా చేతులు దగ్గరికి రానివ్వకండి.

బాగు చేయడం సులువు. వేడినీళ్లలో వంటసోడా కలిపి టెర్మినళ్ల మీద పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. బ్యాటరీ మూతల్లోంచి సోడా నీళ్లు లోపలికి పోకూడదు. లగ్గుని, అది కూర్చునే చోటుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయండి. వర్షాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి చేస్తే చాలు. బ్యాటరీ పక్కన పెట్టెలో ఉండే మెయిన్ ఫ్యూజు కూడా చూడండి. అది పోతే డైనమో ఎంత పుట్టించినా బ్యాటరీకి చేరదు.

7. గర్రుమనే చప్పుడు ఇంజను వేగంతో పాటు పెరుగుతుంటే బేరింగ్ అరిగింది. లైట్లు సన్నగా వణుకుతుంటే, రేడియోలో ఈల లాంటి శబ్దం వస్తుంటే డయోడ్లని అనుమానించాలి. మీటరుని ఏసీ వోల్టులకి మార్చి, నడుస్తున్న బండి బ్యాటరీ మీద పెట్టండి. 0.1 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. పోయిన డయోడ్ రాత్రిపూట బ్యాటరీని కూడా ఖాళీ చేస్తుంది. పగలంతా తిరిగిన బండి తెల్లారేసరికి పడుకుంటోందంటే ఒక కారణం ఇదే కావచ్చు.

8. విప్పించాక ఏది మార్చాలి? ముందు అరిగేవి కార్బన్ బ్రష్‌లు. పెన్సిల్ ముక్క లాంటి చిన్న నల్ల దిమ్మెలు రెండు, స్ప్రింగు ఒత్తిడితో రాగి రింగుల మీద ఆనుకుని ఉంటాయి. అర అంగుళం పైచిలుకు ఉండాల్సినవి చిటికెన వేలి గోరంత మిగిలితే స్ప్రింగు అందదు, చార్జింగ్ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంది. బ్రష్‌లూ బేరింగులూ వందల్లో పని. రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు అంతకన్నా ఎక్కువవుతాయి, అయినా కొత్త డైనమోతో పోలిస్తే తక్కువే. రింగులు గాడి పడేలా అరిగినా, వైండింగు కాలి వాసన వస్తున్నా రిపేరు మీద డబ్బు పెట్టకండి. తిరగచుట్టించిన వైండింగు ఈ తేమలో ఎక్కువ కాలం నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

9. కొనడానికి ఎక్కడికి? పుదుచ్చేరి పాలనలోని యానాంలో పెట్రోలు చవకని ఆంధ్రా బళ్లు వచ్చి పోయించుకెళ్తాయి. విడిభాగాలకి ఆ లెక్క కుదరదు. పెట్రోలు మీద వ్యాట్ ఏ ప్రభుత్వానిది ఆ ప్రభుత్వానిదే. సామాను మీద జీఎస్టీ యానాంలోనైనా కాకినాడలోనైనా ఒకటే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలకి 18 శాతం. కాబట్టి ధర ఎక్కడ తక్కువ చెబితే అక్కడ కొనండి, బిల్లు మాత్రం వదలొద్దు.

కారు కంపెనీ డబ్బాలో అమ్మేదాన్ని చాలాసార్లు లూకాస్ టీవీఎస్, డెన్సో, వాలియో లాంటి సంస్థలే తయారుచేస్తాయి. అదే సంస్థ సొంత పేరుతో విడిగా అమ్మే సరుకు అడిగితే ధర తగ్గవచ్చు. తర్వాతి దారి రీకండిషన్ చేసినది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాతది ఇచ్చి మార్చుకోవచ్చు, కనీసం మూడు నెలల గ్యారంటీ రాసివ్వమనండి. స్క్రాపులో తీసుకుంటే చేత్తో తిప్పి చూడండి. గరగర ఉండకూడదు, షాఫ్టు అటూ ఇటూ ఊగకూడదు. ఏది కొన్నా పాతదాన్ని వెంట తీసుకెళ్లి ఆంపియర్లు, పుల్లీ గాట్లు, కప్లర్ పిన్నులు, బోల్టు రంధ్రాల దూరం సరిచూసుకోండి.

10. స్పానర్లతో అలవాటున్నవాళ్లు చాలా చిన్న కార్లలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. మొట్టమొదట బ్యాటరీ మైనస్ విప్పండి. డైనమో వెనక లావు వైరు నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి వస్తుంది. మైనస్ విప్పకుండా అక్కడ పానా తగిలితే నిప్పురవ్వలే. బెల్టు తిరిగే దారిని ఫోనులో ఫొటో తీసుకుని, టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయండి. కప్లర్, లావు వైరు, రెండు బోల్టులు ఊడితే డైనమో చేతిలోకి వస్తుంది. బిగించేటప్పుడు ఇదే వరస తిరగేసి, మైనస్ చివర్న. పడుకున్న బ్యాటరీని నింపే పని కొత్త డైనమోకి పెట్టొద్దు. ముందు చార్జర్ మీద పెట్టించండి.

11. దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏసీ, రేడియో, ఫోన్ చార్జర్ ఆపేయండి. పగలైతే, బ్యాటరీ మంచిదైతే, యానాం నుంచి ముప్పై కిలోమీటర్ల కాకినాడకో, ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం మీదుగా అమలాపురానికో చేరే అవకాశం ఉంది. రాత్రి ఆ సాహసం వద్దు. రెండు హెడ్‌లైట్లే తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి. పవర్ స్టీరింగ్ కరెంటుతో నడిచే బళ్లలో బ్యాటరీ దిగితే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఎర్ర లైటుతో పాటు ఇంజను వేడి ముల్లు పైకి లేస్తే బెల్టు తెగి వాటర్ పంపు కూడా ఆగి ఉండొచ్చు. వెంటనే పక్కన ఆపండి.

12. వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు యానాం వీధులే మునిగాయి. నీళ్లు ఆరిపోతాయి గానీ బేరింగుల్లో, బ్రష్‌ల మధ్య చేరిన ఒండ్రు ఉండిపోతుంది. మైనస్ విప్పి, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పి, ఫొటోలు తీసి, డైనమోని ఊడదీయించి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగులు మార్పించాకే బిగించాలి.

13. డబ్బు చేతిలో పెట్టే ముందు, లైట్లూ బ్లోయరూ వేసి మీటరు రీడింగు మీ కళ్ల ముందు చూపించమని అడగండి. తీసేసిన పాత ముక్కల్ని కూడా చూపించమనండి. పని చక్కగా చేసిన మెకానిక్కు ఈ రెండూ సంతోషంగా చూపిస్తాడు.