గంతుకు ముందు గొయ్యి

నరసరావుపేట

చిరంజీవి మేనకోడలికి,

టెక్సస్‌లోని ప్లేనోలో మీ అన్నయ్య కొన్న ఇంటి పెరట్లో పిల్లలకు ట్రాంపొలిన్ పెడుతున్నారనీ, అది నేలమట్టానికి ఉండేలా గొయ్యి తీసి దింపే పని నీ మీద వేశారనీ మీ అమ్మ చెప్పింది. సివిల్ చదువుతున్నావు కదా, ఇంట్లో మట్టి పని వస్తే అందరి చూపూ నీ మీదే పడుతుంది. పడనీ, మంచిదే. నువ్వు పంపిన అంచనా కాగితం చూశాను. ఏ మోడల్ కొనాలో రెండు పేజీలు రాశావు, గొయ్యికి రెండు లైన్లు సరిపెట్టావు. ట్రాంపొలిన్ డబ్బాలో వస్తుంది, పుస్తకం చూసి బిగించుకోవచ్చు. గొయ్యి మాత్రం డబ్బాలో రాదు. కాబట్టి ఈ ఉత్తరమంతా గొయ్యి గురించే.

నువ్వు పంపిన ఫొటోల్లో నాకు పనికొచ్చింది ఒక్కటే. ఆగస్టు ఎండలో పచ్చిక మధ్య వేలు దూరేంత నెర్రె కనిపిస్తోందే, అది. చూడగానే మన నేల అనిపించింది. డాలస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంతా నల్లరేగడే. అక్కడ బాగా పేరున్న మట్టిని హ్యూస్టన్ బ్లాక్ అంటారు. మన పల్నాడు, ప్రకాశం చేలల్లో ఉన్నదీ అదే జాతి, శాస్త్రం లెక్కలో రెండూ వర్టిసాల్సే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఉద్యోగమంతా ఈ మట్టితో వేగినవాణ్ణి. లైనింగు వేసిన కాలువ గట్టును లోపలికి నెట్టేసే బలం దీనికుంది. మీ అన్నయ్య పెరట్లో గొయ్యి చుట్టూ కట్టే అడుగు ఎత్తు గోడ దానికి ఒక లెక్కా?

ముందు చోటు ఎంచుకో. ఆ ఊళ్లలో స్థలం వెనక అంచున కరెంటు, గ్యాసు, కేబుల్ లైన్ల కోసం ఈజ్‌మెంట్ అని ఒక పట్టీ వదులుతారు, అందులో తవ్వకూడదు. ఇంటికీ గొయ్యికీ దూరం ఎంత ఎక్కువుంటే అంత మేలు. అక్కడి ఇళ్లు చాలావరకు పోస్ట్ టెన్షన్ స్లాబు మీద నిలబడతాయి, స్లాబు కింద ఒక పక్క తడి, ఒక పక్క పొడి అయితే గోడలు చిట్లుతాయి. వేసవిలో జనం పునాది చుట్టూ నీళ్లు పెట్టుకునేది అందుకే. అలాంటి ఇంటి పక్కన నీళ్లు నిలిచే గొయ్యి తవ్వడం కోరి తెచ్చుకునే తలనొప్పి. ఇంకోటి, బిల్డరు ప్రతి రెండిళ్ల మధ్యా వాన నీరు వీధిలోకి పోవడానికి పల్లపు వాలు ఒకటి పెట్టి ఉంటాడు. దానికి అడ్డం పోతే నీళ్లు పక్కింటి పెరట్లోకి మళ్లుతాయి. పొరుగువాడు ఊరుకోడు, టెక్సస్ నీటి చట్టమూ ఊరుకోదు. పైన చెట్టు కొమ్మ, కరెంటు తీగ లేని చోటు చూడాలని నీకు వేరే చెప్పనక్కర్లేదు.

చోటు తేలాక 811కు ఫోన్ చెయ్యి. అమెరికా అంతటా తవ్వకాల కోసం పెట్టిన నంబరు అది, 2007 నుంచి పనిచేస్తోంది, పైసా ఖర్చు లేదు. టెక్సస్‌లో కనీసం 48 గంటల ముందు చెప్పాలి, అందులో శని, ఆదివారాలు, సెలవులు లెక్కకు రావు. వాళ్లొచ్చి రంగులతో గీతలు గీస్తారు: కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, ఫోను, ఇంటర్నెట్‌లకు నారింజ, మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ. గీతకు అటూ ఇటూ 18 అంగుళాల లోపల యంత్రం పెట్టకూడదు, చేత్తోనే తవ్వాలి. అయితే వాళ్లు చూపేది కంపెనీల లైన్లే. పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ పైపులు, పెరట్లో దీపాల వైర్లు ఇంటి సొంతం కాబట్టి వాటిని ఎవరూ గుర్తించరు. స్ప్రింక్లర్లు ఒక్కో జోను వేసి చూసి, తలలు ఎక్కడున్నాయో జెండాలు గుచ్చుకో. తెగేవి ఎక్కువగా అవే.

హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, ఇంటి ఇన్సూరెన్సు పాలసీ, సిటీ ఆఫీసు, ఈ మూడూ మీ అన్నయ్య పని. ట్రాంపొలిన్ ఉంటే కొన్ని పాలసీలు వర్తించవు. కాగితం చదివి సంతకం పెట్టిన సమాధానం చేతికొచ్చాకే నువ్వు ముగ్గు పొయ్యి.

ముగ్గుకు మన మేస్త్రీల పద్ధతే చాలు. మధ్యలో మేకు కొట్టి, 14 అడుగుల ట్రాంపొలిన్ అయితే ఏడడుగుల తాడు కట్టి, చుట్టూ తిరుగుతూ సున్నం జల్లు. కొలత మాత్రం కంపెనీ పుస్తకంలో ఉన్నది కాకుండా, చట్రాన్ని నేల మీద పరిచి టేపుతో నువ్వు చూసినది తీసుకో.

ఇప్పుడు అసలు సంగతి, మట్టి. గొయ్యి అంతా మూడడుగుల లోతున నిట్టనిలువుగా తవ్వకు. అంచున ఒక్క అడుగు నిలువుగా దింపి, అక్కడి నుంచి ఒకటికి రెండు వాలుతో, అంటే రెండడుగుల లోతుకు నాలుగడుగుల దూరం చొప్పున, మధ్యకు దింపు. అడుగున ఆరడుగుల వెడల్పు బల్లపరుపుగా మిగులుతుంది. మ్యాట్ బాగా దిగేది మధ్యలోనే కాబట్టి ఆ లోతు అక్కడుంటే చాలు. నల్లరేగడిలో కాలువలకు మేం వాడిన వాలూ ఇంచుమించు అదే. తడిసిన రేగడి నిటారుగా నిలబడదు, జారుతుంది.

లెక్క వేసి చూడు. నిలువు భాగం 154 ఘనపుటడుగులు, వాలు భాగం 165, మొత్తం 319. తవ్విన మట్టి గుల్లబారి మూడో వంతు దాకా పెరుగుతుంది కాబట్టి బయట పడేది నాలుగు వందల పైమాట. మన ట్రాక్టరు ట్రక్కుకు వంద చొప్పున నాలుగు ట్రక్కులు, బరువు పదహారు టన్నులు. పారతో తోడే సరుకు కాదిది. చిన్న ఎక్స్‌కవేటరు అద్దెకు దొరుకుతుంది, కానీ అద్దెకు చెప్పేముందు పక్క గేటు వెడల్పు కొలువు. చాలా ఇళ్లలో అది మూడడుగులే. అందులో పట్టే యంత్రాలూ ఉన్నాయి, అడిగి తెప్పించుకోవాలి, లేదా కంచె చెక్కలు రెండు మూడు బారలు విప్పాలి. మట్టి ఎక్కడికి పోతుందో యంత్రం రాకముందే తేలాలి. చెక్క కంచెకు ఆనించి పోస్తే కంచె కుళ్లుతుంది. ఇటుక గోడకు ఆనించి పోస్తే అడుగు వరసలో గాలి కోసం వదిలిన సందులు మూసుకుపోయి గోడలోకి తేమ ఎక్కుతుంది. సగం పెరట్లో వాలు సరిచెయ్యడానికి వాడుకుని, మిగతాది బండి పిలిపించి పంపించెయ్యి.

అడుగు ఎత్తు గోడ దేనితో కట్టాలని అడిగావు. కాంక్రీటు రింగు పోసి బ్లాకులు కట్టడం చూడ్డానికి గట్టిగా ఉంటుంది. ఎర్రనేల అయితే నేనూ అదే అనేవాణ్ణి. రేగడిలో బిగుతైన గోడ నేలతో కదల్లేదు, కదల్లేక పగులుతుంది. గాల్వనైజ్ చేసిన ముడతల రేకు పలకలు గానీ, మందు పట్టించిన కలప గానీ మేలు, కాస్త వంగినా నిలుస్తాయి. గోడ ఏదైనా, దాని వెనక తవ్వి తీసిన నల్లమట్టే తిరిగి నింపితే చేసిన పనంతా దండగ. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి గారు 1970లలో ఈ చిక్కుకు కాలువల మీద దారి చూపించారు. ఉబ్బే మట్టికీ లైనింగుకూ మధ్య ఉబ్బని బంకమన్ను పొర ఒకటి వెయ్యాలన్నారు. దాన్నే మేం సీఎన్‌ఎస్ లేయర్ అంటాం, ఐఎస్ 9451లో ఉంది, తీసి చదువు. డాలస్‌లో దానికి దగ్గరగా సెలెక్ట్ ఫిల్ అనే ఇసుక కలిసిన మట్టి అమ్ముతారు. వాలు మీద దాన్ని పలచని పొరలుగా వేసి, కొద్దిగా తడిపి, దిమ్మిస కొట్టి, పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి మేకులు దిగగొట్టు. గోడ వెనక మాత్రం కంకర. అక్కడ నీళ్లు దిగాలి, మట్టి నొక్కకూడదు.

ఇక నీళ్లు. గొయ్యి తవ్వావంటే చెరువు తవ్వినట్టే లెక్క. ఒక్క అంగుళం వాన నేరుగా పడితేనే దాదాపు 13 ఘనపుటడుగులు, అంటే 360 లీటర్లు. చుట్టూ పచ్చిక మీద నుంచి వచ్చేది వేరే. అందుకే గొయ్యి అంచు చుట్టుపక్కల కంటే రెండు మూడు అంగుళాలు ఎత్తులో పెట్టి, వాలు బయటికి ఇవ్వు. లోపల పడ్డ నీళ్లు ఇంకుతాయా అన్నది పరీక్ష చేస్తే గానీ తెలియదు. గొయ్యి రాబోయే చోట మూడడుగుల లోతు బొరియ తవ్వి నీళ్లు పొయ్యి. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఎండాకాలం నెర్రెల్లోకి ఆ నీళ్లు గడియలో మాయమవుతాయి, ఇంకే నేలే అని మురిసిపోతావు. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అదే నేల చుక్క తాగదు. మొదటి రోజు నింపి వదిలెయ్యి, రాత్రంతా నాననీ, మర్నాడు మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకో. ఆ రెండో అంకె ఒక్కటే నమ్ము.

నా అనుభవం చెప్పేది, అది దాదాపు సున్నా వస్తుంది. అప్పుడు అడుగున ఇంకుడు గుంట పెట్టి లాభం లేదు, నీళ్లకు బయటికి దారి కావాలి. పెరటికీ వీధికీ మట్టంలో తేడా ఉంటే చిల్లుల పైపు అడుగున పరిచి, వందకు ఒకటి వాలుతో వీధి దాకా తీసుకుపో. తనంతట తాను పారే నీరే నమ్మదగ్గది. తేడా చాలకపోతే అడుగున చిన్న గుంట, అందులో ఫ్లోట్ స్విచ్చి ఉన్న పంపు. దాని కరెంటు జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే ఆపేసే ఏర్పాటు) ఉన్న ప్లగ్గు నుంచే రావాలి, ఆ పని ఎలక్ట్రీషియనే చెయ్యాలి. వారం పది రోజులు నిలిచిన నీళ్లు చాలు దోమలకు. 2012లో డాలస్ కౌంటీలో దోమలతో వచ్చే వెస్ట్ నైల్ జ్వరం ప్రబలి, విమానాలతో మందు చల్లాల్సి వచ్చింది.

నీళ్ల తర్వాత గాలి. ఇది నీ కాగితంలో అసలు లేనే లేదు. మ్యాట్ వ్యాసం పన్నెండు అడుగులనుకో, మీ అన్నయ్య గెంతితే మధ్యలో రెండడుగులు దిగిందనుకో. శంకువు సూత్రం వేస్తే 75 ఘనపుటడుగుల గాలి అర సెకనైనా కాకముందే ఎటో ఒకవైపు పోవాలి. నేల మీది ట్రాంపొలిన్‌కు చుట్టూ ఖాళీయే. గొయ్యిలో దారి లేకపోతే సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టినట్టవుతుంది. గెంతు చప్పబడుతుంది, ధబ్‌మని చప్పుడొస్తుంది, స్ప్రింగుల మీద కప్పిన మెత్త ఎగిరి పక్కకు జారుతుంది. చూడ్డానికి బాగుంటుందని పచ్చికతో సమంగా దించే మోడళ్లకే ఈ బాధ ఎక్కువ. చట్రం నేలకు మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో ఉండేది, మెత్తలో గాలి సందులు ఉన్నది తీసుకో. ఆ ఎత్తు వాన నీటినీ అడ్డుకుంటుంది. అందం విషయంలో మీ వదినకు నచ్చజెప్పడం నీ వంతు.

చట్రం మట్టానికి పొడుగాటి చెక్క మీద రసమట్టం పెట్టి చూడు, లేదా నీళ్ల గొట్టం పట్టు. స్ప్రింగులు ఒక పక్క నుంచి వరసగా కాకుండా ఎదురెదురుగా తగిలించు. చేతికి గ్లవుజులు.

గొయ్యిలో ఉంది కాబట్టి ప్రమాదం లేదని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకు. 1930లలో అయోవాలో జార్జ్ నిస్సెన్, లారీ గ్రిస్వోల్డ్ ట్రాంపొలిన్‌ను ఇప్పటి రూపానికి తెచ్చారు. 1960 ప్రాంతంలో అమెరికా ఊరూరా గోతుల మీద వీటిని పరిచి డబ్బు తీసుకుని గెంతనిచ్చే జంప్ సెంటర్లు వెలిశాయి. అవన్నీ నేలమట్టానివే. దెబ్బలు, కోర్టు కేసులు, ఇన్సూరెన్సు గొడవలతో కొన్నాళ్లకే మూతపడ్డాయి. నేలమట్టానికి దింపితే తగ్గేది ఎత్తు నుంచి కిందపడే ప్రమాదమే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పిన ప్రకారం గాయాల్లో ముప్పాతిక భాగం ఒకరికంటే ఎక్కువమంది ఒకేసారి గెంతినప్పుడు తగిలినవే, అందులోనూ దెబ్బ తినేది అందరికంటే చిన్నవాడే. ఇళ్లలో ట్రాంపొలిన్ వద్దనే వాళ్ల సలహా. పెట్టాలనే నిర్ణయం మీ అన్నయ్యది, అది నీ చేతిలో లేదు. కానీ ఒక్కసారికి ఒక్కరే, పిల్లిమొగ్గలు కూడదు, ఆరేళ్లలోపు వాళ్లు ఎక్కకూడదు అన్న మాటలు పని అప్పజెప్పేటప్పుడు కాగితం మీద రాసివ్వు. చిన్నాడికి ఇంకా ఐదే కదా, వాడు ఏడ్చినా సరే ఆగాలి.

తవ్వకం మొదలుపెట్టకముందే నీళ్ల పరీక్షలో రెండో రోజు అంకె, పెరటి నుంచి వీధి దాకా మట్టాల పట్టిక నాకు పంపు. ఆ రెండూ చూశాక పైపు చాలునో, పంపు కావాలో చెబుతాను. అంతదాకా ఎక్స్‌కవేటరు అద్దెకు అడ్వాన్సు కట్టకు.

ఇట్లు,
మామయ్య