కాలా? ప్రాణమా?

కోనసీమవారికి కొబ్బరిచెట్టు కల్పవృక్షము. కాని ఆ చెట్టెక్కి కాయలు దింపువానికి ప్రతిదినమును గండమే. నా బాల్యమున, 1970 ప్రాంతమున, మా గ్రామములో ఒక దింపు కార్మికుడుండెను. ఒకనాడు వాన వెలిసిన పిమ్మట అతడు చెట్టెక్కెను. పాచిపట్టిన మ్రానుపై కాలు జారి నేల గూలెను. మోకాలి క్రింది ఎముక విరిగి, చర్మమును చీల్చుకొని వెలికి వచ్చెను.

ఇరుగుపొరుగువారు వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా బిగించి కట్టిరి. ఆ రాత్రియంతయు అతడు బాధతో మూలిగెను. మూడవనాటికి నొప్పి తగ్గెను. గండము గడచినదని ఇంటివారు సంతసించిరి. అయ్యో! కట్టు బిగువునకు రక్తము పారక, కాలు చచ్చిపోవుచున్నదని వారెరుగరు. వ్రేళ్ళు నల్లబడెను. గిల్లినను తెలియకుండెను. జ్వరము పెచ్చుపెరిగెను. అప్పుడు వారు భయపడి, ముక్తేశ్వరము రేవున పడవ యెక్కించి, గౌతమిని దాటించి, కోటిపల్లి మీదుగా అతనిని కాకినాడకు గొనిపోయిరి.

వైద్యుడు కట్టు విప్పి చూచి, “కాలు తీసివేయవలెను. ఆలస్యమైనచో ప్రాణము దక్కదు” అనెను.

“కాలు లేనివాడు చెట్టెక్కునా బాబూ? నన్నిట్లే చావనిండు” అని అతడు మొగము త్రిప్పుకొనెను.

అతని భార్య కన్నీరు తుడుచుకొని, “మామా! నీవు చెట్టెక్కకున్నను గంజి త్రాగి బ్రతుకుదుము. నీవే లేకున్నచో ఈ పిల్లలకు ఆ గంజియైనను పోయువారెవ్వరు?” అనెను. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప కాగితముపై వ్రేలిముద్ర వేసెను.

బాలబాలికలారా! అవయవమును నిలుపుటయా, ప్రాణమును నిలుపుటయా అను ప్రశ్న వైద్యులను అనేక శతాబ్దములు వేధించినది. పూర్వము ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినచో, పాశ్చాత్య దేశములలోని శస్త్రవైద్యులు తరచుగా ఆ అవయవమును కోసివేయుచుండిరి. లేనిచో గాయము చీము పట్టి, విషము దేహమంతట వ్యాపించి, రోగి మరణించుననియే వారి భయము. కోసినను బ్రతుకునను నమ్మకము లేకుండెను.

1865 ఆగస్టు నెలలో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున జేమ్స్ గ్రీన్‌లీస్ అను పదునొకండేండ్ల బాలుని కాలిపై బండిచక్రము ఎక్కెను. ఎముక విరిగి, గాయము తెరచుకొనెను. జోసెఫ్ లిస్టర్ అను వైద్యుడు కత్తి పట్టలేదు. సూక్ష్మజీవుల వలననే కుళ్ళు పుట్టునని ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాశ్చర్ వ్రాసిన విషయము నతడు చదివియుండెను. కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డతో గాయమును కప్పి, కాలికి బద్దలు కట్టెను. నాలుగు దినముల పిమ్మట విప్పి చూడగా చీము లేదు! సుమారు ఆరు వారములలో ఎముక అతుకుకొనెను. బాలునికి కాలు దక్కెను. లిస్టర్ ఈ పద్ధతిని 1867లో లోకమునకు వెల్లడించెను.

అయినచో కాలు తీయుట ఎన్నడును తగదా? అట్లనరాదు. రక్తము పారుచున్నదా, కండ జీవించియున్నదా, విషము పైకి ప్రాకుచున్నదా అని వైద్యుడు పరీక్షించును. తెగిన రక్తనాళమును కొన్ని గంటల లోపల కుట్టగలిగినచో అవయవము దక్కవచ్చును. కండ చచ్చి, విషము వ్యాపించుచున్నచో కోయుటయే రక్ష. అప్పుడును వైద్యుడు వీలున్నంతవరకు మోకాలిని నిలుపజూచును. మోకాలు మిగిలినచో కృత్రిమపాదముతో నడచుట సులభము.

1981లో తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదములో సుధాచంద్రన్ అను నర్తకి గాయపడెను. కాలికి కుళ్ళు సోకుటచే మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చెను. కాలు పోయిన నర్తకికి ఇంక నేమి మిగులునని లోకులు జాలిపడిరి. ఆమె మాత్రము జయపురపు పాదమును తొడిగికొని, నొప్పిని, నెత్తుటిని ఓర్చి అభ్యాసము చేసి, 1984లో మరల రంగస్థలముపై నర్తించెను. ఆమె జీవితకథ ‘మయూరి’ అను తెలుగు చలనచిత్రమయ్యెను. అందామెయే నాయికగా నటించెను.

జయపురపు పాదమును 1968 ప్రాంతమున డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీయు, రామచంద్ర శర్మయను శిల్పియు కలిసి రూపొందించిరి. ఒకరిది శాస్త్రజ్ఞానము, వేరొకరిది చేతిపనితనము. రబ్బరుతో చేయబడిన ఆ పాదముతో చెప్పులు లేకుండ నడువవచ్చును, పొలముగట్టున తిరుగవచ్చును, నేలపై కూర్చుండవచ్చును.

మా గ్రామపు కార్మికుడు మరల చెట్టెక్కలేదు. ఇంటి అరుగుపై కూర్చుండి కొబ్బరిపీచుతో త్రాళ్ళు పేనెను. ఆ త్రాళ్ళ వెలతోనే అతని పిల్లలు చదువుకొనిరి. వారిలో ఒకడు నాతోడనే బడికి వచ్చెడివాడు. “ఆనాడు మా అమ్మ మాటాడకున్న నేనీ పలక పట్టియుండను” అని అతడొకసారి నాతో అనెను.

అయినను ఆ కాలు పోవలసినదే కాదేమో! కట్టు వదులుగా నుండి, మొదటినాడే ఆసుపత్రికి చేరియున్నచో దక్కెడిదేమో! కావున మీరు గుర్తుంచుకొనవలసిన దేమన: విరిగిన కాలిని కదలకుండ నుంచుడు, కాని రక్తము నిలిచిపోవునట్లు బిగింపకుడు. కట్టు క్రింద వ్రేళ్ళు చల్లబడినను, తిమ్మిరెక్కినను, నల్లబడినను తక్షణమే వైద్యునికి చూపుడు. పాము కరచినప్పుడు త్రాటితో బిగించి కట్టకుడు. మీ యింట మధుమేహము గల పెద్దలున్నచో, ప్రతిరాత్రి వారి పాదములను పరికించుడు. వారికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియకపోవచ్చును. ఆ చిన్న పుండే ఒకనాడు కాలిని హరింపగలదు.

అవయవమును కాపాడుటకు సకాలమున మేల్కొనవలెను. అది సాధ్యము కానప్పుడు ప్రాణమును కాపాడుకొనుటకు ధైర్యము వహింపవలెను.

అభ్యాసము

1. కార్మికుని నొప్పి తగ్గినప్పుడు ఇంటివారు పొరబడిన దేమి?
2. లిస్టర్ బాలుని కాలి నెట్లు కాపాడెను?
3. కార్మికుని భార్య మాటలలోని వివేకమును మీ సొంత మాటలలో వ్రాయుడు.