అమ్మకి నా మాట నూతిలోంచి వినిపించిన రోజులు

ఏం చెల్లీ, కాఫీ గ్లాసు చేతిలో ఉందా? అయితే ఇలా వచ్చి కూర్చో. ఇవాళ్టి ముచ్చట చీరల గురించీ కాదు, ఆవకాయ గురించీ కాదు. ఫోన్‌లో సౌండు గురించి. ‘అదేం ముచ్చటక్కా, పక్కనున్న బటన్ పైకి నొక్కితే పెరుగుతుంది, కిందికి నొక్కితే తగ్గుతుంది, అంతేగా’ అంటావు. నేనూ అలాగే అనుకుని ఏడాదిన్నర పాటు మా అమ్మ మీద అరిచాను.

అమ్మ ఉండేది పాలకొల్లులో, నేను హైదరాబాద్‌లో. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్. ‘అన్నం తిన్నావా అమ్మా’ అంటే ‘ఆఁ? ఏవిటీ? నూతిలోంచి మాట్లాడుతున్నట్టుందే, కాస్త గట్టిగా చెప్పు’ అనేది. గట్టిగా చెప్పేదాన్ని. ఇంకా గట్టిగా అనేది. చివరికి బాల్కనీలో నిలబడి నేను అరిచే అరుపులకి ఎదురు ఫ్లాటు పిన్నిగారు మర్నాడు లిఫ్ట్‌లో కలిసి, ‘మీ తమ్ముడి సంబంధం మళ్లీ తప్పిందటగా అమ్మా’ అని ఎంతో జాలిగా పలకరించేవారు. మా ఆయనైతే దానికి ‘ఏడుగంటల వార్తలు’ అని పేరు పెట్టేశారు.

కొన్నాళ్లకి అమ్మ ‘ఆఁ?’ అనడం మానేసింది. నేనేం చెప్పినా ‘ఆఁ, ఆఁ, సరేనే’ అనేది. హమ్మయ్య, బాగానే వినపడుతోందన్న మాట అని నా గొంతు కాస్త తగ్గించాను. ఒక శనివారం వస్తున్నామని రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ‘సరే’ అంది. తీరా బ్యాగులతో రాత్రి తొమ్మిదింటికి దిగితే ఇంటికి తాళం! అమ్మ భీమవరంలో మా పిన్ని ఇంట్లో ఉంది. పక్కింటివాళ్లు పెట్టిన పెరుగన్నం తిని, అరుగు మీద దోమలు తోలుకుంటూ కూర్చున్నాం. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చింది. ‘వినపడకపోతే వినపడలేదని చెప్పొచ్చు కదమ్మా’ అన్నాను కోపంగా. తలుపు తాళం తీస్తూ, నా వైపు చూడకుండానే, ‘ఎన్నిసార్లని అడగనే? నువ్వు విసుక్కుంటావు’ అంది.

ఆ మాటకి ఏం జవాబు చెబుతాం చెప్పు.

ఇంటర్ చదివే మా అమ్మాయి అమ్మమ్మ ఫోన్ తీసుకుని అటూ ఇటూ నొక్కి, ‘అమ్మా, ఇటు చూడు’ అంది. సౌండు బటన్ నొక్కితే తెర మీద ఒక గీత వస్తుంది కదా, దాని పక్కనో కిందో ఉండే చిన్న చుక్కల మీద నొక్కింది. ఒక గీత కాస్తా నాలుగైదు గీతలైంది. సంగీతం గుర్తున్నది ఒకటి, గంట బొమ్మ ఒకటి, గడియారం ఒకటి, ఫోన్ రిసీవర్ బొమ్మ ఒకటి. పాటల గీత నిండుగా ఉంది. రింగు నిండుగా ఉంది. అలారం నిండుగా ఉంది. రిసీవర్ బొమ్మ గీత మాత్రం అడుక్కి పడి ఉంది. అంటే రింగు వీధి చివరిదాకా వినపడుతుంది, భక్తి పాటలు మోగిపోతాయి, కూతురి మాట మాత్రం నూతిలోంచి వస్తుంది. ఫోన్‌కి గొంతు ఒక్కటి కాదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. దేని గొంతు దానిదే.

మరి నేను ఎన్నిసార్లు ‘బటన్ నొక్కి సౌండు పెంచుకోమ్మా’ అని చెప్పలేదు? అమ్మ నొక్కేది కూడాను, పాపం. కాకపోతే ఫోన్ పెట్టేశాక తీరిగ్గా నొక్కేది. అక్కడే ఉంది కిటుకంతా. కాల్ నడుస్తున్నప్పుడు నొక్కితేనే ఆ బటన్ కాల్ సౌండుని మారుస్తుంది. ఊరికే ఉన్నప్పుడు నొక్కితే పాటల సౌండు మారుతుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చినప్పటి నుంచీ ఇలా చేశారు; అంతకు ముందు ఊరికే నొక్కితే రింగు మారేది. అమ్మ నొక్కిన ప్రతిసారీ సుప్రభాతం ఒక మెట్టు పెరిగిందే తప్ప నా గొంతు పెరగలేదన్న మాట.

ఇంకో చిత్రం విను. పాటల గీతని సున్నా దాకా లాగొచ్చు కానీ, ఆండ్రాయిడ్‌లో కాల్ గీత సున్నాకి దిగదు. ఎంత తగ్గించినా లీలగా ఏదో వినపడుతూనే ఉంటుంది. అదే మా కొంప ముంచింది. అసలేమీ వినపడకపోతే ఏ రిపేరు షాపుకో పట్టుకెళ్లేవాళ్లం. కాస్త కాస్త వినపడేసరికి ఫోన్ బాగానే ఉందనుకుని తప్పంతా అమ్మ చెవుల మీదకి తోసేశాం. డెబ్బై దాటిన మనిషి కదా, అందరికీ సులువుగా నమ్మకం కుదిరింది.

అసలు ఆ గీత అంత కిందికి ఎలా దిగిందంటావా? మా అమ్మాయి అదీ కనిపెట్టింది. అమ్మమ్మని ఫోన్ పట్టుకోమని తను వరండాలోకి వెళ్లి కాల్ చేసింది. అమ్మ ఫోన్‌ని రోకలి పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకుంటుంది, జారిపోతుందని భయం. ఆ బిగింపులో ఒక వేలు సరిగ్గా కింది బటన్ మీద ఆనుతోంది. మాట్లాడుతున్నంత సేపూ తన సౌండు తనే తగ్గించుకుంటోంది! రింగవుతున్నప్పుడు అదే బటన్ నొక్కుకుంటే రింగు ఆగిపోతుంది, ‘కట్ అయిపోయిందే’ అని బల్ల మీద పెట్టేసేది. అటు నేనేమో ఫోన్ ఎత్తట్లేదని గింజుకునేదాన్ని.

ఇదంతా అయ్యాక కూడా అమ్మ ‘కొంచెం నయమే కానీ...’ అంది. ఆ ‘కానీ’ దగ్గర ఆగాను. ఈసారి విసుక్కోలేదులే. ఫోన్ వెలుతురులోకి తెచ్చి చూస్తే పైన మాట వినపడే సన్నటి చీలిక పూడుకుపోయి ఉంది. చెంపకి రాసుకున్న పసుపు, పౌడరు, శనగపిండి చేత్తో ఫోన్ ఎత్తిన పుణ్యం, అన్నీ అక్కడే స్థిరపడ్డాయి. దాని మీద అద్దం గార్డు అంచు కూడా కాస్త కప్పేసింది. గార్డు తీసేసి, మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో, ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని నెమ్మదిగా దులిపాం. గుండుసూది పెట్టి పొడవకు సుమా, జల్లెడ చిరిగిపోతుంది. తడిగుడ్డా వద్దు. కొత్త గార్డు వేయించేటప్పుడు ఆ చీలిక ఖాళీగా ఉందో లేదో అక్కడే చూసుకో.

అలాగని తప్పంతా ఫోన్‌దే అని నేననను. భీమవరంలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. అమ్మ ససేమిరా రానంది, ‘నాకేం చెవుడా?’ అని. చెవుడు అన్న మాటని మనం ఒక తిట్టులా వాడుకుంటాం చూడు, అందుకే పెద్దవాళ్లు ఆ గుమ్మం ఎక్కరు. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికొచ్చింది. సరే, తీరా వెళ్తే ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి ఉంది, తీసేశారు. హెడ్‌ఫోన్లు పెట్టి కూతలు వినిపించి పరీక్ష చేశారు. వయసుతో వచ్చే తగ్గుదల రెండు చెవుల్లోనూ ఉంది, ఎడమవైపు ఎక్కువ. మరి అమ్మ ఫోన్ పెట్టుకునేది ఎడమ చెవికే! కుడిచెయ్యి ఎప్పుడూ గరిటె మీదో జపమాల మీదో ఉంటుంది కదా. ‘ఇకనుంచి కుడి చెవికి పెట్టుకోండమ్మా’ అన్నారు డాక్టరుగారు. సగం వైద్యం అదే.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పట్టింది. వయసు పైబడితే మొదట తగ్గేది సన్నటి కీచు ధ్వనులు వినడం. స, శ, ష, ఫ లాంటి అక్షరాల పస అంతా ఆ సన్నటి ధ్వనుల్లోనే ఉంటుంది. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు మందంగా ఉంటాయి కాబట్టి బాగానే వినపడతాయి. అందుకే ‘మాట వినపడుతోంది కానీ ఏమన్నావో తెలీడం లేదు’ అంటారు పెద్దవాళ్లు. అది సాకు కాదు చెల్లీ, నిజం. మనం అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చులే, హల్లులు వాటి కింద నలిగిపోతాయి. ‘శనివారం వస్తున్నా’ అని నేను గొంతు చించుకుంటే అమ్మకి చేరింది ‘అఇఆఅం అఉఆ’ అన్న మాట. నిదానంగా, మాటకీ మాటకీ మధ్య రవ్వంత ఆగి, మామూలు గొంతుతో చెబితే చాలు.

దీనికి ఫోన్ తన వంతు కూడా కలుపుతుంది. పాతకాలపు కాల్స్‌లో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినే పంపేవారు, ‘స’కారపు బుస చాలా వరకు ఆ పైనే ఉంటుంది. ఇప్పటి 4జీ కాల్స్‌లో, రెండు ఫోన్లూ నెట్‌వర్కూ అందుకు సరిపడితే, 7000 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. అందుకే ఒక్కో కాల్‌లో మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఒక్కోసారి రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. అమ్మ ఫోన్ సెట్టింగుల్లో 4జీ కాలింగ్ ఆపేసి ఉంటే పెట్టించాం. నిజంగా తేడా తెలిసింది.

పాటల గొంతు సంగతి కూడా చెప్పేస్తాను, అది నా పరువు తీసిన కథ. దగ్గరివాళ్లింట్లో పెద్దాయన పోతే పలకరింపుకి వెళ్లాను. గుమ్మంలోనే ఫోన్ సైలెంట్‌లో పెట్టాను, బుద్ధిగా. ఆ ఇంటావిడ కళ్లొత్తుకుంటూ ఆయన చివరి రోజుల గురించి చెబుతోంది. దహనం ఎన్నింటికి జరిగిందో మెసేజ్‌లో చూద్దామని ఫోన్ తెరిచాను, వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఎవరో పంపిన వీడియో ఒకటి హాలంతా దద్దరిల్లేలా మొదలైంది. సినిమా కామెడీ, చెల్లీ! వెనకాల నవ్వులు కూడా! సైలెంట్ అంటే రింగూ మెసేజ్ చప్పుళ్లే ఆగుతాయి, వీడియోలు ఆగవు. ఆండ్రాయిడ్‌లో వాటి గీత వేరేగా సున్నాకి లాగాల్సిందే. ఇప్పుడు గుడికెళ్లినా, పలకరింపుకెళ్లినా, రాత్రి రైలెక్కినా ముందు ఆ పని చేస్తాను. ఆ ఇంటికి మాత్రం మళ్లీ వెళ్లే ధైర్యం రాలేదు.

సంక్రాంతికి మా తమ్ముడు అమ్మకి ఒక బ్లూటూత్ స్పీకరు కొనిచ్చాడు, దేవుడి గదిలో పెట్టుకోమని. అదొక ప్రహసనం. ఒకసారి అమ్మ వంటింట్లో ఫోన్ ఎత్తి ‘హలో, హలో’ అంటే ఫోన్‌లో ఏమీ వినపడదు. మా మేనత్త గొంతు దేవుడి గదిలోంచి గంభీరంగా ‘ఏమ్మా, బాగున్నావా’ అంది. అమ్మ చేతిలో గిన్నె వదిలేసింది. స్పీకరు ఫోన్‌కి కలిసి ఉంటే కాల్ దారి అటు మళ్లుతుంది మరి. కాల్ తెర మీద స్పీకరు బొమ్మ నొక్కితే ఎటు వినపడాలో ఎంచుకోవచ్చు. లేదూ, ఆ స్పీకరు సెట్టింగ్‌లో ఫోన్ కాల్స్ అన్నది ఆపేసి పాటలు ఒక్కటీ ఉంచితే గొడవే లేదు. అదే చేశాం.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడిది ఐఫోన్, దాని తీరు వేరు. పక్క బటన్లతో రింగు మారాలంటే సెట్టింగ్‌లో విడిగా ఒప్పుకోవాలి, అలారం మోత రింగుతో పాటే తగ్గుతుంది. రింగు తగ్గించి పడుకుని రెండుసార్లు ఆఫీసుకి ఆలస్యమయ్యాడు. పాఠం వాడికి దొరికిందిలే, మనకెందుకు.

పిల్లల చెవుల గురించి ఒక్క మాట, ఎక్కువ చెబితే మా అమ్మాయి ఇది చదవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటలు విన్నా ఫర్వాలేదు. అదే 90 అయితే 4 గంటలే. పది పెరిగితే సమయం పదో వంతుకి పడిపోయింది, చూశావా. ఇయర్‌ఫోన్ పెట్టుకుని సౌండు పెంచుతుంటే ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది కదా, మా అమ్మాయి దాన్ని దోమని తోలినట్టు తోలేస్తుంది. నేనేం అనలేదు. వాళ్ల అమ్మమ్మ పరీక్ష కాగితం మీద కిందికి జారిన గీత ఒకటి ఉంది, అది ఫ్రిజ్ మీద అంటించి ఊరుకున్నాను.

ఇక మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సేవ చేయాలనుకుంటే, దూరం నుంచి ఫోన్‌లో చెబితే కాదు. ఈసారి ఊరెళ్లినప్పుడు పక్క గదిలోంచి కాల్ చేసి, వాళ్లు మాట్లాడుతుండగానే పైబటన్ నొక్కించు. వాళ్ల వేలితోనే నొక్కించు, నువ్వు లాక్కుని నొక్కకు. గీత నిండాక కూడా చాలకపోతే, కొన్ని ఫోన్లలో కాల్ తెర మీద ఇంకా పెంచే బటన్ ఒకటి ఉంటుంది, అదీ చూడు. ఒక చెవి బాగా తగ్గినవాళ్లయితే సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో పెట్టు, ఇయర్‌ఫోన్‌లో రెండు వైపుల మాటా ఒకే చెవికి వస్తుంది. రింగు పట్టుబడనివాళ్లకి కాల్ వస్తే లైటు మెరిసేలా పెట్టే వీలు కూడా చాలా ఫోన్లలో ఉంది. మా అమ్మకి పెట్టాం కానీ, రాత్రి పిడుగు పడిందనుకుని లేచి కూర్చుందట, తీసేయమంది.

ఇప్పుడు ఏడింటికి నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ మామూలు గొంతుతో మాట్లాడతాను. ఎదురు ఫ్లాటు పిన్నిగారికి కబుర్లు తగ్గి, నాతో కాస్త ముభావంగా ఉంటున్నారు. మొన్న ఫోన్ కలిసిందో లేదో, హాల్లోంచి మా ఆయన తనలో తను అనుకున్నట్టుగా ‘మొదలయ్యాయి వార్తలు’ అన్నారు. అటు రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత అమ్మ, ‘అల్లుడుగారితో చెప్పవే, ఇవాళ ముఖ్యాంశాలు మాత్రమేనని’ అంది.